ఫిట్స్ బిళ్ల లెవెల్ టెస్టుకి గుంటూరు కొత్తపేటలో ఈ ల్యాబ్ – ఆరుసార్లు రక్తం ఇచ్చాక నా రివ్యూ

ఇంట్లో ఫిట్స్ మందులు వాడేవాళ్ళు ఉండి, డాక్టరు గారు చీటీ మీద "డ్రగ్ లెవెల్" (రక్తంలో మందు ఎంత ఉందో చూసే టెస్టు) అని రాసిస్తే ఎక్కడికెళ్ళాలో తెలీక తిరిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా, కాస్త పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది తెనాలి. మా తమ్ముడికి 26 ఏళ్ళు, బియ్యం మిల్లులో లెక్కలు రాస్తాడు. ఇంటర్ సెకండియర్‌లో ఉండగా మొదటిసారి ఫిట్స్ వచ్చాయి, ఎమ్మారై తీయిస్తే మెదడులో బద్దెపురుగు తిత్తి ఎండిపోయి మచ్చ మిగిలిందన్నారు, అప్పట్నుంచీ ఎప్టాయిన్ వాడుతున్నాడు, అంటే ఫెనిటోయిన్. గత ఏడాదిన్నరలో ఈ ల్యాబుకి వాణ్ణి నాలుగుసార్లు, మా మావయ్యని రెండుసార్లు తీసుకొచ్చా.

ముందు మేం ఇక్కడికి ఎందుకొచ్చామో చెప్పాలి, అది చెప్పకపోతే మిగతాదానికి అర్థం ఉండదు. తమ్ముడికి ఉదయం ఒకటి, రాత్రి రెండు, మొత్తం 300 ఎంజీ నడిచేది. నాలుగేళ్ళు ఏ ఇబ్బందీ లేదు. పోయిన ఏడాది ఎండాకాలంలో మిల్లులోనే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. అక్కడివాళ్ళు చేతిలో తాళాలు పెట్టారు, ఉల్లిపాయ వాసన చూపించారు, ఎవరి తప్పూ కాదు, వాళ్ళకి తెలిసింది అదే, కానీ పక్కకి తిప్పి పడుకోబెట్టి, టైం చూస్తూ దగ్గరుంటే చాలు, చేతిలో నోట్లో ఏమీ పెట్టకండి అని ఆ తర్వాత వెళ్ళి అందరికీ చెప్పొచ్చా. అప్పుడు చూపించిన డాక్టరు గారు లెవెల్ రాశారు. దగ్గర్లో ఉన్న వేరే ల్యాబుకి వెళ్ళాం, పేరు చెప్పను. పరగడుపున రమ్మన్నారు, బిళ్ల కూడా వేసుకోవద్దన్నారు, సరే అని 7 గంటలకే వెళ్తే రక్తం తీసింది పదకొండున్నర దాటాక. అప్పటిదాకా వాడు టిఫిన్ లేదు, బిళ్ల లేదు. మొన్ననే ఫిట్స్ వచ్చిన పిల్లాడు, బెంచీ మీద గోడకి తల ఆనించి కూర్చుంటే నాకు ప్రాణం విలవిల్లాడింది. రక్తం తీసినామె ఒక్క ప్రశ్న అడగలేదు. రిపోర్టు ఐదో రోజున వచ్చింది, 8.4, పక్కన కిందికి బాణం గుర్తు.

ఆ బాణం చూసి డాక్టరు గారు ఉదయం కూడా రెండు వేసుకోమన్నారు, 300 కాస్తా 400 అయింది. మామూలుగా ఎవరైనా ఏమనుకుంటాం, మందు మూడో వంతు పెరిగింది కాబట్టి లెవెల్ కూడా మూడో వంతు పెరిగి 11 అవుతుంది, బాగానే ఉంటుంది కదా అని. మూడు వారాలు తిరిగేసరికి వాడు నడుస్తుంటే తూలుతున్నాడు. గుమ్మం దాటాలంటే ద్వారబంధం పట్టుకోవాల్సి వచ్చేది. అన్నంలో చెయ్యి పెట్టబోతే కంచం పక్కన నేల మీద పడేది, అక్కా రెండు కంచాలు కనిపిస్తున్నాయే అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చేది. పక్కకి చూడమంటే కళ్ళు నిలబడకుండా కొట్టుకుంటున్నాయి. వీధిలో ఒకాయన మా అమ్మతో మీవాడు మందు మొదలెట్టాడా ఏంటి అని అడిగేశాడు, అమ్మ ఆ రాత్రంతా ఏడ్చింది, వాడు జీవితంలో తాగినవాడు కాదు.

గుంటూరులో న్యూరాలజిస్టుకి చూపిస్తే ఆయన వేలు అటూ ఇటూ తిప్పి కళ్ళు చూశారు, గోడ వెంట నాలుగడుగులు నడవమన్నారు, వెంటనే లెవెల్ చేయించండి అని ఈ ల్యాబుకి పంపారు.

ఇక్కడ మొదటిరోజు జరిగింది నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. రక్తం తీసే అమ్మాయి సూది పట్టుకోకముందే కాగితం తీసి అడిగింది, "ఆఖరి బిళ్ల ఎప్పుడు వేసుకున్నారు? ఎన్నింటికి? ఎన్ని ఎంజీ? ఈ డోసు ఎన్ని రోజుల్నుంచి వాడుతున్నారు? ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని. రాత్రి తొమ్మిదిన్నరకి రెండు వేసుకున్నాడు అంటే 9.30 అని రాసి, తీసే టైం కూడా రాసి, ట్యూబ్ మీద స్టిక్కర్ అంటించింది. ఎర్ర మూత ట్యూబ్ తీసుకుంది. పక్కన ట్రేలో పసుపు మూతవి కూడా ఉన్నాయి, అవి ఎందుకు వాడలేదమ్మా అని ఊరికే అడిగా, దాంట్లో అడుగున జెల్ ఉంటుందక్కా, రక్తం అందులో ఎక్కువసేపు ఉంటే ఫెనిటోయిన్ ఆ జెల్ కొంత పీల్చేస్తుంది, నంబర్ తక్కువ చూపిస్తుంది అని చెప్పింది. ఇంత చిన్న పిల్ల ఇంత శ్రద్ధగా చెప్పడం చూసి నాకు నిజంగా ధైర్యం వచ్చింది. ఇన్నేళ్ళలో ఎవరూ మాకు ట్యూబ్ మూత రంగు గురించి కూడా చెప్పలేదు.

రక్తం ఇచ్చింది ఉదయం పదింటికి. సాయంత్రం నాలుగింటికి ఫోన్ వచ్చింది, మాకు కాదు, ముందు డాక్టరు గారికి చేశారట, ఆ తర్వాత మాకు. 33.6. ఉండాల్సింది మిల్లీలీటరుకి 10 నుంచి 20 మైక్రోగ్రాములు. ఉదయం కూడా రెండు వేసుకోమన్నప్పుడు నేను అనుకున్న 11 ఎక్కడ, ఈ 33 ఎక్కడ. రిపోర్టు తీసుకెళ్ళి కౌంటర్లో పడేసి మీరే చూసుకోండి అనేవాళ్ళని చూశాం, వీళ్ళు లెవెల్ ప్రమాదంగా ఉంటే తామే ఫోన్ చేస్తారు. ఆ రాత్రి ఇంకో రెండు బిళ్లలు వాడి నోట్లో పడకుండా ఆపింది ఆ ఫోనే.

అసలు ఎందుకలా పెరిగిందో డాక్టరు గారు చెప్పారు, అది మీకు కూడా చెప్పాలి. కాజ టోల్ గేటు గుర్తుచేసుకోండి అన్నారు. కౌంటర్లు ఎన్నో అన్ని బళ్ళే పోతాయి. బళ్ళు తక్కువున్నప్పుడు ఎన్నొచ్చినా వచ్చినవి వచ్చినట్టు వెళ్ళిపోతాయి, కౌంటర్లన్నీ నిండాక మాత్రం ఇంకో వంద బళ్ళు వచ్చినా అవన్నీ వెనక నిలబడాల్సిందే. లివర్‌లో ఈ మందుని అరగదీసే ఎంజైములు కూడా అంతే, మనం మామూలుగా వాడే డోసులోనే దాదాపు నిండిపోయి ఉంటాయట, అందుకే ఫెనిటోయిన్ కొంచెం పెంచితే రక్తంలో చాలా పెరుగుతుంది. మిగతా ఫిట్స్ మందులు ఎక్కువ శాతం ఇలా ఉండవు, దీనికే ఈ గొడవ. రెండు రోజులు మందు ఆపి, మూడో రోజు నుంచి ఉదయం ఒకటి ప్లస్ 50 ఎంజీ బిళ్ల ఒకటి, రాత్రి రెండు, అంటే 350 పెట్టారు. మధ్యలో ఆపడం ఆయన దగ్గరుండి చూస్తూ చేశారు, దయచేసి ఎవరూ ఇది చదివి ఇంట్లో సొంతంగా ఆపొద్దు, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది.

మూడు వారాల తర్వాత రెండోసారి వచ్చాం. మూడు వారాలు ఎందుకంటే డోసు మార్చిన మర్నాడే చూస్తే నంబర్ ఇంకా నిలకడకి రాదు. నేను తొందరపడి పది రోజులకే ఫోన్ చేసి వస్తాం అంటే, ఇక్కడ రిసెప్షన్లో ఆవిడ మీ డాక్టరు ఎప్పుడు రమ్మన్నారు అని అడిగి, ఇంకా టైం ఉందండి, అప్పుడే రండి, డబ్బులు వేస్ట్ అవుతాయి అంది. వచ్చే బేరాన్ని వద్దన్న ల్యాబుని నేను మొదటిసారి చూశా. ఆ రోజు ఉదయం 7 గంటలకి వచ్చాం, పొద్దున బిళ్ల వేసుకోకముందు తీయాలి కదా. వాడు ఉదయం బిళ్లలు రెండూ మందుల చీటీ చింపి దాంట్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకొచ్చాడు. దూది నొక్కి పట్టుకుని ఉండగానే ఆ అమ్మాయి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి "ముందు బిళ్ల వేసుకోండన్నయ్యా, తర్వాత బిల్లు సంగతి" అంది. టిఫిన్ తిని రావచ్చని కూడా ముందే చెప్పారు, ఈ టెస్టుకి పరగడుపు అక్కర్లేదు, బిళ్ల మాత్రం రక్తం తీశాకే. 7.20కల్లా అయిపోయింది. అప్పుడు వచ్చింది 15.2. అమ్మకి ఫోన్ చేసి చెప్తే ఆవిడకి నంబర్ అర్థం కాలేదు, తూలడం లేదుగా అమ్మా అంది, లేదమ్మా అన్నా.

మూడోసారి ఎందుకొచ్చామంటే మెడికల్ షాపులో స్టాక్ లేదని వేరే కంపెనీది ఇచ్చారు, మందు ఒకటే కదా అని వాడు నెలరోజులు అదే వేసుకున్నాడు. డాక్టరు గారికి స్ట్రిప్ చూపిస్తే లెవెల్ రాశారు, 11.6 వచ్చింది. రేంజ్‌లోనే ఉంది, కానీ దిగింది. కారణం స్ట్రిప్పేనా, వీడు ఒకటి రెండు పూటలు మర్చిపోయాడా అన్నది తేల్చలేం అన్నారు. కానీ ఫిట్స్ మందు ఒక కంపెనీది కుదిరాక మార్చకుండా అదే వాడండి, తప్పనిసరై మారిస్తే నాకు చెప్పండి అన్నారు. దీని మీద ఆయన చెప్పిన సంగతి ఒకటుంది, 1968 ఆ ప్రాంతంలో ఆస్ట్రేలియాలో ఫెనిటోయిన్ క్యాప్సూల్స్‌లో మందు కాకుండా నింపుడు పొడి మార్చారట, అంతకుముందు కాల్షియం సల్ఫేట్ ఉండేది, దాని బదులు లాక్టోజ్ వేశారు, ఎంజీలు మారలేదు, అయినా వాడుతున్నవాళ్ళు చాలామంది మావాడిలాగే తూలిపోయి ఆస్పత్రులకొచ్చారు. మందు ఒంటికి ఎక్కువ పట్టింది అంతే. అది విన్నాక నేను మెడికల్ షాపు వాళ్ళకి మా స్ట్రిప్ ఫోటో పంపించి నెలకి ముందే తెప్పించి పెట్టమని చెప్పా.

నాలుగోసారి పోయిన నెల. వాడికి నడుం దగ్గర తామర వచ్చింది, చర్మం డాక్టరు ఫ్లుకొనజోల్ బిళ్లలు రాశారు. అదృష్టం ఏంటంటే మేం ఆ చీటీ కూడా న్యూరాలజీ ఫైల్లోనే పెట్టుకెళ్తాం. ఆయన చూడగానే ఆగండి ఇది ఫెనిటోయిన్‌ని పెంచేస్తుంది అన్నారు. అప్పటికే కొన్ని బిళ్లలు లోపలికి పోయాయి. ఇక్కడికొస్తే ఫారంలో "ఇంకేమైనా మందులు" అన్నచోట ఆ అమ్మాయి ఫ్లుకొనజోల్ అని రాసి కింద గీత గీసింది. 21.8. మళ్ళీ ఫోన్. తామరకి బిళ్లలు మాన్పించి పూతమందు ఇచ్చారు. టీబీ మందుల్లో ఐసోనియజిడ్ కూడా ఫెనిటోయిన్‌ని ఇలాగే పెంచుతుందట, కాబట్టి ఎవరింట్లో అయినా ఫిట్స్ ఉన్నవాళ్ళకి టీబీ కోర్సు మొదలుపెడితే రెండు డాక్టర్లకీ రెండు చీటీలూ చూపించండి.

ఇక మావయ్య సంగతి. ఆయనకి 62, పక్షవాతం వచ్చాక ఫిట్స్ మొదలయ్యాయి, ఆయనా ఎప్టాయినే, దానికితోడు లివర్ సమస్య, కాళ్ళ వాపు. ఆయనకి లెవెల్ 8.9 వచ్చింది. నాకైతే ఆ పాత బాణం గుర్తొచ్చి గుండె జారింది, మళ్ళీ పెంచుతారేమో, మళ్ళీ తూలుతాడేమో అని. ఈ ల్యాబులో రిపోర్టు కింద బయోకెమిస్ట్రీ డాక్టరు గారు సొంతంగా ఒక లైను రాశారు, ఆల్బుమిన్ 2.3 ఉంది కాబట్టి ఈ నంబర్‌ని ఉన్నదున్నట్టు తీసుకోవద్దు, ఫ్రీ ఫెనిటోయిన్ చూస్తే మంచిది అని. విషయం ఏంటంటే రక్తంలో ఈ మందు 90 శాతం దాకా ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కి అంటుకుని ఉంటుంది, పని చేసేది అంటుకోకుండా మిగిలిన కొంచెమే, దాన్నే ఫ్రీ అంటారు. మామూలు టెస్టు రెండూ కలిపి లెక్కపెడుతుంది. ప్రోటీన్ తక్కువున్నవాళ్ళకి మొత్తం తక్కువ కనపడుతుంది, పని చేసేది మాత్రం సరిపడా ఉంటుంది. న్యూరాలజిస్టు గారు అక్కడే కాలిక్యులేటర్లో ఆల్బుమిన్‌ని 0.2తో హెచ్చించి 0.1 కలిపి, 8.9ని దాంతో భాగించారు, దాదాపు 16 వచ్చింది. ఇది అంచనా మాత్రమే, ఫ్రీ చేయిద్దాం అన్నారు. ఫ్రీ 1.6 వచ్చింది, ఉండాల్సింది 1 నుంచి 2. డోసు ముట్టుకోలేదు. రిపోర్టు కింద ఆ ఒక్క లైను లేకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు, మా ఇంట్లో ఒకసారి చూశాం కదా.

ఇప్పుడు బాగోలేనివి కూడా చెప్పాలి. మొదటిది మెట్లు. ల్యాబ్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు, ఒక పక్క పట్టుకోవడానికి రెయిలింగ్ కూడా లేదు. తూలేవాళ్ళు, ఫిట్స్ ఎప్పుడొస్తాయో తెలీనివాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు వచ్చే చోటు ఇది. మొదటిరోజు నేనూ ఆటో అతనూ చెరో రెక్క పట్టుకుని తమ్ముణ్ణి ఎక్కించాం. మావయ్యకైతే కిందకొచ్చి ఆటోలోనే రక్తం తీశారు, అడిగితే వస్తారు, మంచివాళ్ళే, కానీ అడగొచ్చని ఎవరికి తెలుస్తుంది, కింద ఒక బోర్డు పెట్టండి.

రెండోది, ఫ్రీ ఫెనిటోయిన్ ఇక్కడ చెయ్యరు, బయటికి పంపుతారు. మూడు రోజులన్నారు, ఆరు రోజులు పట్టింది, రెండుసార్లు నేనే ఫోన్ చేయాల్సొచ్చింది. ఆలస్యం అవుతుందంటే ముందే చెప్తే సరిపోయేది, లివర్ బాగోలేని పెద్దాయనతో ఎదురుచూడటం చాలా కష్టం. లామోట్రిజిన్ అనే ఇంకో ఫిట్స్ మందు లెవెల్ కూడా బయటికే. అక్కడ కూర్చున్నప్పుడు రేపల్లె నుంచి వచ్చిన ఒకమ్మాయి, ఐదో నెల, పరిచయమైంది, కడుపుతో ఉన్నప్పుడు లామోట్రిజిన్ ఒంట్లోంచి త్వరగా పోయి లెవెల్ పడిపోతుందట, అందుకని వాళ్ళ డాక్టరు నెలనెలా చూస్తున్నారు. అలాంటివాళ్ళకి రిపోర్టు ఆలస్యం అయితే ఎలా, ల్యాబ్ వాళ్ళు దీని గురించి ఆలోచించాలి.

మూడోది, సోమవారం పొద్దున వెళ్ళకండి, షుగర్ టెస్టు జనం మెట్ల దాకా ఉంటారు. మీకు ఉదయం బిళ్ల ఆలస్యం కాకూడదు అని కౌంటర్లో చెప్పండి, చెప్తే ముందు పిలుస్తారు, మమ్మల్ని ప్రతిసారీ పిలిచారు.

రేటు: మామూలు ఫెనిటోయిన్‌కి మా దగ్గర 900 తీసుకున్నారు, ఫ్రీకి అంతకు రెండింతల పైనే అయింది. తక్కువేం కాదు. అనవసరమైన ప్యాకేజీలు మాత్రం అంటగట్టలేదు. నేనే ఒకసారి మా స్నేహితురాలి కూతురికి లెవిటిరాసెటమ్ లెవెల్ చేస్తారా అని అడిగితే, డాక్టరు రాశారా, దానికి సాధారణంగా అంత అవసరం పడదండి, రాస్తే తీసుకురండి అన్నారు. కార్బమజెపిన్, వాల్ప్రోయేట్, ఫినోబార్బిటాల్ ఇక్కడే చేస్తారు. కార్బమజెపిన్, వాల్ప్రోయేట్ వాడేవాళ్ళు టైం విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అవి ఫెనిటోయిన్ కంటే త్వరగా ఎక్కి త్వరగా దిగుతాయి, బిళ్ల వేసుకున్న రెండు మూడు గంటలకి ఇస్తే ఒక నంబర్, వేసుకోకముందు ఇస్తే ఇంకో నంబర్. ప్రతిసారీ ఉదయం బిళ్లకి ముందే ఇవ్వండి, అప్పుడే పాత రిపోర్టుతో పోల్చుకోవచ్చు. ఇక్కడ రిపోర్టు మీద ఆఖరి బిళ్ల టైం, రక్తం తీసిన టైం రెండూ అచ్చు వేసి ఇస్తారు. మీ ఊళ్ళో ఏ ల్యాబుకెళ్ళినా సరే, ఆ రెండు టైములూ రాయమని అడగండి, వాళ్ళు రాయకపోతే పెన్నుతో మీరే రాసి డాక్టరుకివ్వండి.

ఇంకో మాట, నంబర్ రేంజ్‌లో లేకపోతే వెంటనే కంగారు పడొద్దు. మా డాక్టరు గారు చెప్పేదాన్ని బట్టి 9 దగ్గర ఏళ్ళ తరబడి ఫిట్స్ లేకుండా హాయిగా ఉన్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి అదే సరైన లెవెల్. బాణం చూసి మందు మార్చరు, మనిషిని చూసి మారుస్తారు. మావాడికి 15 దగ్గర కుదిరింది, అది వాడి నంబర్ అని ఫైలు అట్ట మీద రాసి పెట్టారు, ఎప్పుడైనా తేడా వస్తే దేంతో పోల్చాలో తెలియడానికి.

నా వైపు నుంచి ఐదుకి నాలుగు. ఆ ఒకటీ మెట్లకీ, ఫ్రీ రిపోర్టు ఆలస్యానికీ తగ్గించా. తామర బిళ్లలు ఆపి మూడు వారాలయ్యాక మళ్ళీ చూద్దామన్నారు, వచ్చే శనివారం మొదటి బస్సుకి వస్తున్నాం, తమ్ముడు ఉదయం బిళ్లలు ఎప్పట్లాగే జేబులో పెట్టుకొస్తాడు.